చెల్లెలి పేరుకు పలికిన దార్‌కుంగి

శనివారం మధ్యాహ్నం రెండు దాటిందంటే దార్‌కుంగి పిడికెడు బియ్యం బుట్ట వీపుకెత్తుకుని, పట్టీ నుదుటికి తగిలించుకుని వీధిలోకి దిగుతుంది. పందొమ్మిదేళ్ళుగా ఇదే పని. మా పేటలో ప్రతి ఇల్లాలూ ఎసరు పెట్టిన ప్రతిసారీ కడగబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి చర్చి డబ్బాలో వేస్తుంది. వారానికోసారి ఆ డబ్బాలన్నీ దార్‌కుంగి బుట్టలోకి, ఆ బుట్ట చర్చి వెనక గదిలోకి. అక్కణ్ణుంచి ఆ బియ్యం ఏ కొండమీది సువార్తికుడి జీతమవుతుందో, ఏ దిక్కులేని పిల్లల గంజి అవుతుందో ఆమె ఎన్నడూ అడగలేదు. ఎక్కడం, దిగడం, మోయడం, అంతవరకే ఆమె వంతు. అరవై నిండాయి. మెట్టు దిగితే ఒక మోకాలు, మెట్టెక్కితే ఇంకో మోకాలు ప్రాణం తీస్తాయి. ప్రతి జనవరిలోనూ స్త్రీల సమాజంలో లేచి నిలబడి, ఈ ఏడు బుట్ట ఇంకెవరికైనా ఇవ్వండమ్మా అని అడుగుతుంది. అడగగానే అందరూ తలలు వంచి ప్రార్థన మొదలుపెట్టేస్తారు. ఆమెన్ అనేసరికి బుట్ట మళ్ళీ ఆమె వీపునే ఉంటుంది.

కొండలు దిగి బర్మాలోని కలే లోయలో స్థిరపడిన మావాళ్ళలో ప్రభువు రాకడ మాట వానాకాలంలా వస్తూ పోతూ ఉంటుంది. ఫలానా నెలలో అంటాడొకడు. కలలో మబ్బు చీలిందంటుంది ఇంకొకతె. దార్‌కుంగి ఎవర్నీ కాదనదు. "రావాల్సినవాడు వస్తాడమ్మా. ఈలోపు శనివారం వస్తుంది" అని డబ్బా బోర్లిస్తుంది. ఈ మాట చెవినబడి పాస్టరు గారు ఒకసారి ఫక్కున నవ్వారు, నవ్వినందుకు తర్వాత కాస్త నొచ్చుకున్నారు కూడా. ఆమె వేళాకోళానికి అన్నది కాదది. అలిసిపోయి అన్నది.

నిజానికి రాకడంటే ఆమెకు చచ్చేంత భయం. చిన్నప్పటి భయం. పొలం నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ కనబడకపోతే, వీధి వీధంతా కాసేపు చప్పుడు చెయ్యకపోతే, ప్రభువు వచ్చేసి, అందర్నీ పరలోకానికి ఎత్తుకుపోయి తననొక్కదాన్నే వదిలేశారేమోనని గుండె జారిపోయేది. జుట్టు నెరిసినా ఆ భయం పోలేదు. ఇప్పటికీ మిట్టమధ్యాహ్నం వీధి సద్దుమణిగితే గుమ్మంలోకొచ్చి ఎవరో ఒకరు కనిపించేదాకా నిలబడుతుంది. ఎవరో ఒకరు అంటే ఎవరైనా సరే, పక్కింటి తాగుబోతైనా సరే, ఊరట పడి లోపలికి పోతుంది. పెద్ద ఉరుము ఉరిమినా అదే భయం. ఈ సంగతి ఎవరితోనూ చెప్పుకోలేదు. బియ్యం బుట్ట మోసే పెద్దావిడ ఉరుముకు జడుస్తుందంటే నవ్వరూ?

ఆమెకు పిల్లల్లేరు. భర్త పోయి పన్నెండేళ్ళు. తనదని చెప్పుకోవడానికి ఉన్నది ఒక్క చెల్లెలు, జాథంగి. ఎనిమిదేళ్ళు చిన్నది. వాళ్ళమ్మ పోయేనాటికి జాథంగికి రెండేళ్ళు, దార్‌కుంగికి పదేళ్ళు. చెల్లెల్ని పాత దుప్పటితో వీపుకి కట్టుకుని కలుపు తీసింది, నీళ్ళు మోసింది, ఆదివారం బడికి పోయింది. పెళ్ళయి అత్తారింటికి వెళ్తే అక్కడికీ తీసుకుపోయింది. దాన్ని ఎవరు ఏమన్నా ఈమెకు ఒళ్ళు మండుకొచ్చేది.

అటువంటి చెల్లెలు మూడేళ్ళ కిందట మొగుడు కాప్లియానాతో కలిసి చర్చి విడిచి, కనిపెట్టేవాళ్ళలో చేరిపోయింది. కనిపెట్టేవాళ్ళంటే వాగవతల పదకొండు కుటుంబాల జనం. ప్రభువు ఇవాళో రేపో వస్తాడని నమ్మి రోజూ సాయంత్రం తూర్పు గట్టు మీద వరసగా కూర్చుని ఆయన కోసం ఎదురుచూస్తూ కనిపెడతారు. మంచి జనమే. తాగరు, అబద్ధమాడరు, పక్కవాడి చేను కూడా కోసిపెడతారు. కాకపోతే నంబరన్నది ఒంటికి తగలకూడదు. ప్రభుత్వం ఇచ్చే ప్రతి నంబరూ బైబిలు చివర చెప్పిన మృగం ముద్రేనని, అది మోసేవాళ్ళు విడువబడతారని వాళ్ళ నమ్మకం. చేరిన ఏడే గుర్తింపు కార్డులన్నీ వాగు ఒడ్డున కుప్పపోసి, పాటలు పాడుతూ కాల్చేశారు. ఆ ఏడు జనాభా లెక్కల వాళ్ళు తలుపులకు నంబరు కాగితాలు అంటించి పోతే, వాళ్ళు వీధి మలుపు తిరగకముందే గీకిపారేశారు. కార్డులు కాలుతుంటే దార్‌కుంగి వంతెన మీద నిలబడి చూసింది. చెల్లెలు తన కార్డు మంటలో వేస్తూ అక్క వైపు చెయ్యి ఊపింది, నువ్వూ రా అన్నట్టు. ఈమె తల తిప్పుకుని ఇంటికొచ్చేసింది. ఆ తర్వాత ఇద్దరి మధ్యా రాకపోకలు పండగలకు కూడా లేకుండా పోయాయి.

ఆ శనివారం వాగు మలుపులో కాప్లియానా నిలబడి ఉన్నాడు. సాధారణంగా వదిన కనిపిస్తే గట్టు పక్కనుంచి జారుకునే మనిషి. నిలబడ్డాడంటేనే ఆమెకు ఏదో కీడు తోచింది. బుట్ట దింపకుండానే ఏమయ్యా, ఏమైంది అనడిగింది. అతను చెప్పడానికి చాలాసేపు పట్టింది. జాథంగికి ఏడు నెలలుగా రక్తం పోతోందట. పొట్ట నిండు చూలాలి పొట్టలా లేచిందట. పేటలో ఉన్న రిటైరైన నర్సు చేత్తో నొక్కి చూసి, ఇది గర్భసంచిలో గడ్డ, పెద్దాసుపత్రిలో కోసి తియ్యాలి, తియ్యకపోతే వానలు దాటదు అని తేల్చి చెప్పిందట.

"మరి తీసుకెళ్ళవేం?"

కాప్లియానా ఆమె ముఖం చూడలేదు. "రాసుకునేటప్పుడు కార్డు నంబరు అడుగుతారు వదినా."

ఇంకేమీ అడగలేదతను. సాయం చెయ్యమనీ అనలేదు. దార్‌కుంగికి అంత కోపం వచ్చింది, అతన్ని బుట్టతో పాటు వాగులో తోసెయ్యాలనిపించింది. కానీ అతని కళ్ళ కింద నల్లగా గుంటలు పడి ఉన్నాయి. చొక్కా చేతుల మీద ఉతికినా పోని రక్తపు మరకలున్నాయి. పెళ్ళాం గుడ్డలు ఉతికేది అతనేనని తెలిసిపోయింది. మిగిలిన ఇళ్ళు వదిలేసి, సగం నిండిన బుట్టతోనే అతని వెంట నడిచింది. పందొమ్మిదేళ్ళలో బియ్యం ఎత్తకుండా ఇళ్ళు వదిలెయ్యడం అదే మొదలు.

జాథంగి వెదురు తడికకు ఆనుకుని కూర్చుని ఉంది. పొట్ట తప్ప మనిషి లేదు. మెడ దగ్గర ఎముకలు కనబడుతున్నాయి, పెదాల్లో రంగు లేదు. అక్కను చూడగానే నవ్వింది. మూడేళ్ళుగా చూడలేదు కదా, పోల్చుకోలేవేమో అనుకున్నానని ఎగతాళి చేసింది. పొయ్యి మీద మొక్కజొన్న సంకటి ఉంది, పెట్టుకు తినమంది. దార్‌కుంగి తినలేదు. కొత్త కార్డుకు అర్జీ పెట్టుకోమని మొదలుపెట్టింది. నెలలు పడుతుందని వాళ్ళకూ తెలుసు, ఈమెకూ తెలుసు. అయినా పది వేళ్ళ ముద్రలూ మృగానికి ఇచ్చి బతికే బతుకు తనకొద్దని చెల్లెలు మెత్తగానే చెప్పింది. ఎక్కువ రోజులు కాదులే అక్కా, ఆయన ఈ వానల్లోపే రావచ్చు, నొప్పి నాకు కాసేపే అంది.

అప్పుడే దార్‌కుంగికి ఓపిక చచ్చిపోయింది. ఎవరితోనూ అనని మాట ఒకటి యాభయ్యేళ్ళుగా ఆమె కడుపులో ఉంది. అది బయటికొచ్చేసింది.

వాళ్ళు కొండమీద ఉన్నప్పుడు, తన పదో ఏట, కోతలయ్యాక ఊళ్ళో ఒక ముసలాయనకు దర్శనమైంది. విత్తులేసేలోపే ప్రభువు వస్తాడని. ఊరంతా నమ్మింది. ఇంక విత్తనాలతో పనేముంది? విత్తనపు వడ్లు దంచి వండుకున్నారు. పందుల్ని కోశారు. డప్పు వారం రోజులు ఆగలేదు. పిల్లలకు అంత సంబరం మళ్ళీ రాలేదు. ప్రభువు రాలేదు, విత్తులేసే కాలం వచ్చింది. ఒక్క ఇంట్లో గింజ లేదు. ముసలాయన్ని ఎవరూ తిట్టలేదు, ఎందుకంటే తిన్నది అందరూ. వాళ్ళమ్మ పై ఊళ్ళకు పోయి దోసెడు దోసెడు విత్తనాలు అడుక్కొచ్చి చేను చల్లింది. పంట చేతికొచ్చేదాకా అడవి దుంపలు తవ్వి పిల్లలకు పెట్టింది. తాను తిన్నానంటూ మూతి తుడుచుకునేది.

"అమ్మ జ్వరంతో పోయిందని నీకు చెప్పాను" అంది దార్‌కుంగి. "జ్వరం కాదే. తిండి లేక పోయింది. ఆయన కోసం కనిపెట్టి కనిపెట్టి పోయింది. నువ్వూ అట్లాగే పోతానంటే నేను చూడలేను. నా వల్ల కాదు. అలిసిపోయాను."

గుమ్మం బయట కూర్చుని వెదురు చీలుస్తున్న కాప్లియానా చెయ్యి ఆపాడు.

దార్‌కుంగి నడుముకు దోపుకున్న సంచీలోంచి తన కార్డు తీసి చాప మీద పెట్టింది. ముప్పై ఏళ్ళ నాటి ఫొటో. అందులో ఉన్నది అక్కో చెల్లెలో దేవుడికే తెలియాలి. ఇద్దరి తండ్రి పేరూ ఒకటే. నా పేరు చెప్పి ఆసుపత్రిలో పడుకో, నంబరు నాది, నీకేమీ అంటదు అంది.

అది వినగానే జాథంగి ముఖం పాలిపోయింది. వాళ్ళ బోధలో ఒక మాట ఉంది. తెలియక నంబరు మోసినవాళ్ళకు చివరి ఘడియలోనైనా క్షమాపణ ఉంది, అందుకే జాథంగి మూడేళ్ళుగా ప్రతి సాయంత్రం అక్క కోసం గట్టు మీద ప్రార్థన చేస్తోంది. తెలిసి, కావాలని, ఇంకొకరి కోసం కూడా దాన్ని వాడినవాళ్ళకు మాత్రం తిరుగు లేదు. వాళ్ళు విడువబడతారు, అంతే. "వద్దు అక్కా. నేను బాగుపడి నువ్వు విడువబడితే, నేను పైకి పోయి ఏం చెయ్యను?"

"నాకా భయం లేదు. మీరు నమ్మినట్టు నేను నమ్మను" అంది దార్‌కుంగి.

పచ్చి అబద్ధం. చెల్లెలి మాటల్లో సగమైనా నిజమైతే తన పని అయిపోయినట్టేనని ఆమెకు బాగా తెలుసు. అయినా అబద్ధం చక్కగా అతికింది, ఎందుకంటే ఇన్నేళ్ళుగా ఆ శనివారం మాట అంటూ తిరిగిన మనిషి కదా, ఎవరైనా నమ్ముతారు. జాథంగి నమ్మింది. ఆ సాయంత్రమే నొప్పి ఎక్కువై, కళ్ళు తేలేసి, ఎటైనా తీసుకెళ్ళమంది.

సోమవారం పొద్దున ఊళ్ళ మధ్య తిరిగే లైను బండిలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పేర్లు రాసుకునే కిటికీ దగ్గర ఉన్న బర్మా జాతి అమ్మాయి కార్డు చూసింది, మనిషిని చూసింది. అరవై ఏళ్ళా అని అడిగింది. జాథంగికి యాభై రెండు. కానీ జబ్బు మనిషిని ఎనిమిదేళ్ళేం, పద్దెనిమిదేళ్ళు ముసలిదాన్ని చేసిపెట్టింది. ఎవరికీ అనుమానం రాలేదు. పక్కన ఉండేవాళ్ళ పేరేమిటంటే దార్‌కుంగి తడుముకోకుండా జాథంగి అని చెప్పింది. కార్డు ఇంట్లో మర్చిపోయానంది. పక్కన ఉండేవాళ్ళ కార్డు ఎవరూ పట్టించుకోరు.

అక్కడ మొదలైంది అవస్థ. పొద్దున వార్డు గుమ్మంలో నర్సు నిలబడి దార్‌కుంగీ అని పిలిస్తే మంచం మీద ఉన్నావిడ పలకదు, కింద కూర్చున్నావిడ తలెత్తుతుంది. ఈమె కాలితో మంచాన్ని తన్నాక ఆమె ఆఁ అంటుంది. మూడో రోజుకు ఇద్దరికీ అలవాటైంది. జాథంగీ, మందుల చీటీ తీసుకో అంటే దార్‌కుంగి లేచి పరుగెత్తేది. జాథంగీ, నీ అక్కకు గంజి పట్టు అంటే పట్టేది. ఆదివారం స్త్రీల సమాజం వాళ్ళు ఉడకబెట్టిన గుడ్లు, అరటిపళ్ళు పట్టుకుని చూడటానికి వస్తే, పేరు పెట్టి పిలిచి కొంప ముంచుతారని గేటు దగ్గరే ఆపేసింది. లోపల అంటుజబ్బులు ఉన్నాయని ఇంకో అబద్ధం చెప్పింది. గుడ్లు మాత్రం తీసుకుంది. ఒక్క వారంలో ఇన్ని అబద్ధాలు తన అరవై ఏళ్ళలో ఆడలేదు. రాత్రిళ్ళు ప్రార్థనకు కూర్చుంటే ఏ పేరుతో చేసుకోవాలో కూడా తోచేది కాదు.

కోత ఆ మరుసటి మంగళవారం మధ్యాహ్నం. తలుపు మూసుకున్నాక దార్‌కుంగి, కాప్లియానా బయట బల్ల మీద కూర్చున్నారు. గంట గడిచింది. ఆకాశం ఒక్కసారిగా కమ్ముకొచ్చి, వరండా చీకటైపోయి, తూర్పు కొండ మీద ఉరుము ఉరిమింది. ఆ ఉరుము అట్లా ఇట్లా ఉరమలేదు. కిటికీ అద్దాలు వణికాయి. వరండాలో మాటలన్నీ ఠక్కున ఆగిపోయాయి. కాప్లియానా లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తాడు, ముఖం వెలిగిపోయింది. దార్‌కుంగి బల్ల అంచు రెండు చేతుల్తో పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, పైకే అనేసింది.

"ప్రభువా, ఇంకో రెండు గంటలు ఆగు. దాని పొట్ట తెరిచి ఉంది. కుట్లయినా వెయ్యనీ. నన్ను ఎట్లాగూ తీసుకుపోవు, తెలుసు. దాన్ని మాత్రం బాగుచేసి తీసుకుపో."

వాన పడింది. అది వానే. కాప్లియానా చేతులు దించి మెల్లిగా కూర్చున్నాడు. వదిన ముఖంలోకి చూశాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది, చెమటో ఏడుపో తనకే తెలియలేదు. రెండు గంటల తర్వాత డాక్టరు బయటికొచ్చి గడ్డ మొత్తం తీసేశామని, క్యాన్సరు గడ్డ కాదని, దార్‌కుంగి బతుకుతుందని చెప్పాడు.

బతికింది. పన్నెండు రోజులకు ఇంటికొచ్చింది. నెల తిరిగేసరికి కర్ర లేకుండా నడిచింది. రెండో నెలకు ఆవాకు కూర, పొగబెట్టిన పంది మాంసం తానే వండుకుంటోందని కబురొచ్చింది. దార్‌కుంగి మళ్ళీ బుట్ట ఎత్తుకుంది. ఆసుపత్రి చాకిరీకి ఒళ్ళు హూనమై ఉంది, మోకాళ్ళు ఇదివరకటి కంటే మొండికేశాయి. ఆ పైన ఒక కొత్త బరువు. ఎక్కడైనా కాసేపు సద్దుమణిగితే ఇదివరకు వదిలేశారేమో అనుకునేది. ఇప్పుడు వదిలేస్తారు అనుకుంటోంది. చర్చిలో పాట మధ్యలోనే ఆపేసి కూర్చుంటోంది. పాస్టరు గారి దగ్గరికి వెళ్ళి చెప్పుకుందామని రెండుసార్లు ఆయన గుమ్మందాకా పోయి, ఆయన భోజనం చేస్తున్నారని ఒకసారి, చెయ్యబోతున్నారని ఒకసారి వెనక్కి వచ్చేసింది.

అట్లా ఉండగా ఒక సాయంత్రం కాప్లియానా మళ్ళీ వచ్చాడు. ఈసారి ఇంటికే వచ్చాడు. జాథంగి గట్టు మీదకు రావడం లేదు వదినా అన్నాడు. ఒళ్ళు బాగాలేకా అంటే కాదు. నెల రోజులుగా ఒక్కపూటైనా కనిపెట్టడానికి రాలేదట. అడిగితే నా వంతు ఇచ్చేశాను అంటోందట. "నేనొక్కణ్ణే పోవాలా వదినా? ముప్పై ఏళ్ళ కాపురం" అన్నాడు. పెద్ద మనిషి, గడ్డం నెరిసినవాడు, చిన్నపిల్లాడిలా కళ్ళు తుడుచుకున్నాడు. దార్‌కుంగికి అతని మీద మొదటిసారి నిజంగా జాలేసింది. లేచి చెప్పులేసుకుంది.

జాథంగి ఇంటిముందు అరుగు మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. ముఖంలో రంగొచ్చింది. దూరాన గట్టు మీద కనిపెట్టేవాళ్ళ తెల్లబట్టలు వరసగా కనబడుతున్నాయి. ఈమె మాత్రం వాటికి వీపు పెట్టి కూర్చుంది. దార్‌కుంగి ఆయాసపడుతూ పక్కన కూలబడి, ఏమిటే ఈ వేషాలు, మొగుణ్ణి ఏడిపిస్తున్నావు అని దులిపింది.

"నీకు భయం లేదన్నావు" అంది జాథంగి, చిక్కుడు గింజల్లోంచి తలెత్తకుండా.

"లేదు."

"మా ఆయన చెప్పాడు. ఉరిమితే బల్ల పట్టుకున్నావట. ప్రభువుని ఆగమన్నావట. నిన్ను ఎట్లాగూ తీసుకుపోడని అన్నావట."

దార్‌కుంగి కాప్లియానా వైపు కొరకొరా చూసింది. అతను తడిక చాటుకు పోయాడు.

జాథంగి చేట పక్కన పెట్టింది. "నమ్మవనుకున్నాను కాబట్టి ఒప్పుకున్నాను. నువ్వు నమ్మి కూడా నాకు ఇచ్చావు. అందుకని నేనూ నా వంతు నీకు ఇచ్చేశాను. ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ నా పేరుకు నువ్వే పలికావుగా. ఆయన వచ్చి జాథంగీ అని పిలిచినప్పుడు కూడా నువ్వే పలుకు. నేను పలకను. నేనిక్కడుంటాను."

దార్‌కుంగి నోటికొచ్చింది అనేసింది. "ఆయనేమైనా ఆసుపత్రి నర్సా, కార్డు చూసి పిలవడానికి? ఎవరు ఎవరో ఆయనకు తెలీదా?"

నవ్వుతుందనుకుంది. జాథంగి నవ్వలేదు. ముఖం చిన్నబోయింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "అంటే నేనిచ్చింది నీకు అక్కర్లేదా?" అంది.

అప్పుడు తెలిసింది దార్‌కుంగికి తానేం తోసిపుచ్చుతోందో. ఆమె పుట్టిన దగ్గర్నుంచీ మోసింది, పెట్టింది, ఎత్తి ఇంకొకరికి అప్పజెప్పింది. తనకంటూ ఎవరైనా ఏదైనా ఇవ్వడం ఆమెకు గుర్తు లేదు. ఈ పిచ్చిది మూడేళ్ళుగా తిండి మానైనా కాపాడుకున్నదాన్ని, పేగులు తెగుతున్నా వదలనిదాన్ని, చిక్కుళ్ళు ఒలిచినంత తేలిగ్గా తీసి అక్క ఒళ్ళో పెట్టేసింది. అది నిజమో అబద్ధమో, అట్లా ఇచ్చిపుచ్చుకోవడానికి వీలుందో లేదో, పాస్టరు గారు ఏమంటారో, ఏదీ ఆమెకు అప్పుడు పట్టలేదు. ప్రేమ ఇంత బరువుంటుందని ఆమెకు తెలియదు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"సరే. తీసుకుంటాను" అంది.

జాథంగి కొంగుతో కళ్ళు తుడుచుకుని, అక్క చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలింది. ముఖం తేటపడింది. నీ మోకాళ్ళకు ఆవనూనె వెచ్చబెట్టి ఇస్తాను ఉండు, పొద్దుపోయింది, అన్నం తిని వెళ్దువుగాని అని లోపలికి లేచింది. దార్‌కుంగి అరుగు మీదే గోడకు చేరగిలపడి కళ్ళు మూసుకుంది. జాథంగీ అన్న పిలుపు వచ్చిన రోజున తాను కూడా పలకకూడదని, చెల్లెలితో పాటే ఇక్కడే ఉండిపోవాలని ఆమె అక్కడే నిశ్చయించుకుంది. ఆ సంగతి చెల్లెలితో ఎన్నడూ అనలేదు.